గులాబీ రంగు పాలు

ఆ వేసవిలో మా ఫ్రిజ్ నిండా పాలే. పై అరలో పాలు, కింది అరలో పాలు, తలుపు అరల్లోనూ పాలే. కూరగాయలకి చోటు లేక వంకాయలు సింకు పక్కన వడలిపోయేవి. ఏదో ఒక క్యాను మూత సరిగ్గా పడక కారిన పాలు అర అడుగున చారలు కట్టి ఎండిపోయి ఉండేవి. తలుపు తీసినప్పుడల్లా ఆ పులిసిన వాసన ముఖాన కొట్టేది. నేను ఊపిరి బిగబట్టి, కావలసింది చేతికందగానే లాక్కుని, తలుపు మూసేసేదాన్ని.

నాకు పాలు పడవు. పడకపోవడమంటే కడుపునొప్పి కాదు, రోత. ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. గుడివాడలో మా ఇంటి గుమ్మం ముందుకే గేదెను తోలుకొచ్చి పితికి పోసేవాళ్ళు. మా అమ్మ ఆ పాలు కాచి, స్టీలు గ్లాసులో పోసి, మీగడ తేలుతుండగా నా ముందు పెట్టేది. ఆ మీగడ పెదవికి అంటుకోగానే నాకు ఒళ్ళంతా జలదరించేది. అమ్మ బెల్లం కలిపి చూసింది, ఏలకులు వేసి చూసింది, చెవి మెలిపెట్టి చూసింది, చివరికి విసిగి మానేసింది. పెరుగు తింటాను, మజ్జిగ తాగుతాను. కాఫీ అయినా టీ అయినా నల్లగానే తాగుతాను. పాలు మాత్రం పాలుగా నా గొంతు దిగవు. అమెరికా వచ్చాక నాకు నచ్చిన మొదటి సంగతి, ఇక్కడ నా గ్లాసులో ఏముందని ఎవరూ తొంగిచూడకపోవడం.

అది రెండు వేల రెండు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. హెచ్‌వన్ వీసా మీద వచ్చి ఏడాది తిరగకుండానే నేను పనిచేస్తున్న ప్రాజెక్టు మూతపడింది. నా వీసా ఒక తెలుగాయన నడిపే చిన్న కన్సల్టింగ్ కంపెనీ పేరు మీద ఉండేది. మమ్మల్ని వేరే కంపెనీలకి పనికి పంపడం ఆయన వ్యాపారం. పని లేనప్పుడు మళ్ళీ దొరికేదాకా ఆయన చూపించిన చోట పడి ఉండాలి. దాన్ని బెంచ్ అంటారు. మా బెంచ్ పిస్కాటవే అనే ఊళ్ళో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేది. పై అంతస్తులో నేనూ, ఇంకో టెస్టర్ అమ్మాయీ. కింది అంతస్తులో మగవాళ్ళు. అది గెస్ట్‌హౌస్ అని ఆయనే పేరు పెట్టాడు. గెస్టుల్లా మాత్రం ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

ఆయన్ని మేమంతా సర్ అనేవాళ్ళం. ఆయన భార్యని అక్కా అనేవాళ్ళం. ఆయనది గుంటూరు వైపు. మనిషి తెల్లగా, బొద్దుగా, ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండేవాడు. గట్టిగా తిట్టడం, అరవడం లేవు. ఏం చెప్పినా భుజం మీద చెయ్యేసినట్టు చెప్పేవాడు. కాదనడానికి మనకే మొహమాటం వేసేది. మొహమాటం పోయినా, వీసా ఉండేది.

కిందింటి మగవాళ్ళలో నాకు దగ్గరగా మసిలింది వరంగల్ నుంచి వచ్చినాయన ఒక్కడే. నాకంటే వయసులో పెద్ద. భార్యాపిల్లలు హన్మకొండలో ఉన్నారు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లే అనేవాడు.

ఆ పాల క్యాన్లు సర్ తెచ్చిపెట్టినవే. పెన్సిల్వేనియా వైపు ఒక ఊళ్ళో పాత డెయిరీ ఉంది. అక్కడికి దగ్గర్లోనే యాభైల్లో కట్టిన ఒక అమ్యూజ్‌మెంట్ పార్క్ ఉంది. ఏటా వేసవిలో ఒక రోజు ఆ పార్కుని డెయిరీ వాళ్ళు తమ పేరు మీద పండగలా నడుపుతారు. వాళ్ళ పాల క్యాన్ల ఎర్ర మూతలు తెచ్చినవాళ్ళని లోపలికి ఊరికే పంపిస్తారు. సర్ వారం వారం అటు వెళ్ళి, కారు డిక్కీ నిండా పాలు తెచ్చి, మాకు పంచేవాడు.

"పాలు మీరే తాగండమ్మా, హెల్తీ. మూతలు మాత్రం నాకివ్వండి. ఒక్కటి కూడా పారేయొద్దు," అనేవాడు.

"గిన్ని పాలు ఎవలు తాగుతరు?" అని అన్న నవ్వి, సగం పెరుగుకి తోడేసేవాడు. నా రూమ్మేట్ పాయసం కాచేది. ఖాళీ క్యాన్లు కడగడం నా వాటాకి వచ్చింది. వేడినీళ్ళు పోసి ఊపితే లోపల అంటుకున్న పాలు తరకలు తరకలుగా విడిపోయి, తెల్లటి ముద్దలుగా సింకులోకి జారేవి. ఆ రోజుల్లో నేను భోజనం సరిగ్గా చేసిన గుర్తు లేదు.

ఇంత తాపత్రయం మా సరదా కోసం కాదని తర్వాత తెలిసింది. ఒక సాయంత్రం సర్ మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, సోఫాలో కూర్చుని చెప్పాడు.

"ఆ డెయిరీ వాళ్ళకి కొత్త సిస్టమ్ కావాలి. ట్రక్కుల రూటింగ్, బిల్లింగ్, అన్నీ పాతకాలంవి. ఓనర్ ఫ్యామిలీ మొత్తం ఆ రోజు పార్కులోనే తిరుగుతారు. లోకల్ కంపెనీలకి ఒక కాంపిటీషన్ ఉంది. మన టీమ్‌ని రిజిస్టర్ చేశాను."

"ఏం కాంపిటీషన్ సర్?" అని నా రూమ్మేట్ ఉత్సాహంగా అడిగింది.

"పాలు తాగడం. రిలే లాగా. టీమ్‌కి ముగ్గురు. ఒకరి తర్వాత ఒకరు. మీరిద్దరూ, వరంగలాయనా."

నేను వెంటనే చెప్పాను. "సర్, నేను పాలు తాగను."

"తాగకపోవడమేంటమ్మా? ఆంధ్రా అమ్మాయివి!" అని నవ్వాడు.

"నిజంగా సర్. నాకు పడవు. వాంతి అవుతుంది. ఇంకెవరినైనా పెట్టండి."

"ఇద్దరు లేడీస్ ఉంటే వాళ్ళకి బాగుంటుంది, ఇంప్రెషన్. ఒక్క గ్లాసు. కళ్ళు మూసుకుని తాగెయ్. కంపెనీ కోసం ఆ మాత్రం చెయ్యలేవా?" మళ్ళీ భుజం మీద చెయ్యేసినట్టు నవ్వాడు. "ప్రాజెక్ట్ వస్తే మొదట పంపేది మిమ్మల్నే కదా."

ఇంకోసారి వద్దన్నాను. ఆయన ఆ మాట విననట్టుగా టీషర్టుల సైజులు అడగడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం ఒక పెద్ద అద్దె వ్యాన్‌లో అందరం బయలుదేరాం. సర్, అక్క, వాళ్ళ పిల్లలు ముందు, మేమంతా వెనక. అందరికీ పసుప్పచ్చ టీషర్టులు, గుండెల మీద కంపెనీ పేరు. అక్క పులిహోర చేసి పెద్ద ట్రేలో తెచ్చింది. దారంతా కొండలు, మొక్కజొన్న చేలు. ఎన్నాళ్ళ తర్వాతో బయటికొచ్చిన మాకు అవి చూస్తుంటే హాయిగానే ఉండాలి. నాకు మాత్రం పొద్దుటి నుంచీ ధ్యాసంతా ఆ గ్లాసు మీదే.

పార్కు గేటు దగ్గర మూతలు లెక్కపెట్టి తీసుకునే అమ్మాయి మా సంచీ చూసి ఈల వేసింది. ఏ కుటుంబమూ అన్ని తేలేదట. సర్ ఆమెకి చెయ్యిచ్చి, తన బిజినెస్ కార్డు ఇచ్చాడు. టికెట్ల పిల్లకి బిజినెస్ కార్డు ఏమిటో నాకర్థం కాలేదు.

ఒకప్పుడు ఆ పార్కు అందంగానే ఉండి ఉంటుంది. చెట్ల నీడ, చిన్న చెరువు, హంసల ఆకారంలో పడవలు, తెల్ల రంగు వేసిన కొయ్య రోలర్ కోస్టర్. పిల్లల కోసం సిమెంటుతో చేసిన బొమ్మలు అడుగడుగునా ఉన్నాయి. బూటు ఆకారంలో ఒక ఇల్లు, నోరు తెరిచిన తిమింగలం. రంగు మీద రంగు వేసీ వేసీ ఆ బొమ్మల ముఖాలు వాచినట్టు తయారయ్యాయి. తిమింగలం నోట్లో ఎవరో తిని పారేసిన కాగితం పళ్ళాలూ, వాటి మీద ఈగలూ. బల్లల మీద ఒలికిన మిల్క్‌షేక్ ఎండకి జిగురుగా ఎండి, చెయ్యి ఆనిస్తే చర్మంతో సహా లేచేట్టుంది. నూనెలో వేగుతున్న పిండివంటల వాసన, చక్కెర వాసన, వాటన్నిటి కింద పాల వాసన. పార్కు మొత్తం మా ఫ్రిజ్‌లా ఉందనిపించింది.

ఒక గుడారంలో ఆవుని కట్టేశారు. గడ్డి మీద, పెద్ద ఫ్యాన్ ముందు నిలబడి ఉంది. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే పొదుగు పట్టుకుని పిండి, చేతులు తుడుచుకుని పోతున్నారు. మేం చూస్తుండగానే ఆవు తోకెత్తి పేడ వేసింది. పిల్లలూ తల్లులూ ముక్కులు మూసుకుని కేకలు పెడుతూ చెదిరిపోయారు. ఆ రోజంతటిలో నాకు తేలిగ్గా ఊపిరాడింది ఆ గుడారంలోనే. పేడ వాసన నాకు తెలిసిన వాసన. అందులో చక్కెర లేదు.

మధ్యాహ్నం దాటాక పోటీ. రేకుల కప్పు కింద చెక్క వేదిక. మేం కాక బ్యాంకు వాళ్ళ టీమ్ ఒకటి, ఊరి టీచర్ల టీమ్ ఒకటి, ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళది ఒకటి. ఫైర్ వాళ్ళు ముగ్గురూ తలుపంత మనుషులు. బల్ల మీద వరసగా పెద్ద పెద్ద ప్లాస్టిక్ గ్లాసులు. వాటిలో పాలు తెల్లగా లేవు. గులాబీ రంగులో ఉన్నాయి. డెయిరీ వాళ్ళు కొత్తగా తెచ్చిన స్ట్రాబెర్రీ పాలట. ఎప్పుడు పోసి పెట్టారో గానీ గ్లాసుల మీద చల్లదనం చెమ్మ కూడా లేదు. పైన బుడగలు బుడగలుగా నురగ. కందిరీగలు ఆ నురగ మీద వాలి, కాళ్ళు తడుపుకుని, లేచి, మళ్ళీ వాలుతున్నాయి.

నిర్వహిస్తున్నది డెయిరీలో పనిచేసే ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, తెల్ల ఏప్రాన్. ఆవిడ నిబంధనలు చదివింది. గ్లాసు మొత్తం తాగాలి. తాగాక ఖాళీ అయిందని చూపించడానికి గ్లాసు తలమీద బోర్లించుకోవాలి. అప్పుడే రెండో మనిషి మొదలుపెట్టాలి.

నేను సర్ దగ్గరికి వెళ్ళి చివరిసారి అడిగాను. "సర్, ప్లీజ్. నా వల్ల కాదు. కిందింటి వాళ్ళు ఇంకో ముగ్గురున్నారు కదా, వాళ్ళలో ఎవరినైనా పంపండి."

"పేర్లు ఇచ్చేశానమ్మా. ఓనర్ కొడుకు అదిగో, ఆ టోపీ పెట్టుకున్నాయన. ఇప్పుడు మారిస్తే బాగోదు. ముక్కు మూసుకుని తాగెయ్, అయిపోతుంది," అని, కెమెరా సరిచేసుకోవడంలో పడ్డాడు.

గంట కొట్టారు. మాలో మొదట అన్న. తల వెనక్కి వాల్చి, మంచినీళ్ళు తాగినట్టు తాగేసి, గ్లాసు నెత్తిన బోర్లించుకున్నాడు. అడుగున మిగిలిన పాలు ఆయన చెవి పక్కగా కారాయి. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నా రూమ్మేట్. ఆమె మధ్యమధ్యలో నవ్వుతూ, ఆగుతూ తాగింది. అప్పటికే ఫైర్ వాళ్ళు ముగ్గురూ పూర్తి చేసి, ఒకరి వీపులు ఒకరు చరుచుకుంటున్నారు. పోటీ అయిపోయింది. నేను తాగినా తాగకపోయినా ఒకటే. గ్లాసు కింద పెట్టేయబోయాను.

"తాగాలి, తాగాలి! ఫినిష్ చెయ్!" అని సర్ కింది నుంచి కేకలు. ఆయనతో పాటు మా వాళ్ళంతా. "కమాన్! కమాన్!" ఎవరో చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. ఊళ్ళో జనం కూడా అందుకున్నారు. పసుప్పచ్చ టీషర్టులన్నీ నా వైపే ఊగుతున్నాయి.

తాగాను. గోరువెచ్చగా ఉన్నాయి. సబ్బుకీ చూయింగ్ గమ్‌కీ మధ్య ఏదో వాసన. నురగ పై పెదవికి అంటుకుంది. రెండు గుక్కలు దిగాయి, మూడోది దిగలేదు. లోపలికి వెళ్ళినవీ వెళ్ళబోతున్నవీ ఒక్కసారిగా వెనక్కి వచ్చాయి. నోట్లోంచీ ముక్కులోంచీ కూడా. టీషర్టు మీద, బల్ల మీద, పక్కనున్న టీచరు తెల్లబూట్ల మీద. కళ్ళలోంచి నీళ్ళు. ముక్కు లోపల స్ట్రాబెర్రీ మంట. వంగి ఉన్నాను, ఇంకా వస్తూనే ఉంది. జనంలోంచి పెద్దగా 'ఓ' అనే అరుపు, ఆ వెనకే నవ్వులు. ఎవరో బకెట్‌తో రంపపు పొట్టు తెచ్చి నా కాళ్ళ చుట్టూ చల్లారు. నన్ను జరగమని కూడా అనలేదు.

డెయిరీ పెద్దావిడ వచ్చి, తడి తువ్వాలు నా చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పటికి సర్ కూడా వేదిక ఎక్కాడు. ఆ టోపీ ఆయన కూడా వెనకే వచ్చాడు. సర్ వాళ్ళిద్దరి వైపూ తిరిగి, నవ్వుతూ, ఇంగ్లిష్‌లో అన్నాడు.

"సారీ, సారీ. ఈ అమ్మాయి పల్లెటూరి నుంచి వచ్చింది. మా దేశంలో వాళ్ళకి ఇంత శుభ్రమైన పాలు దొరకవు. మంచి పాలు తాగడం ఇదే మొదటిసారి. కడుపుకి అలవాటు లేదు."

టోపీ ఆయన మర్యాదగా నవ్వాడు. కింద మా వాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వారు. ఇంగ్లిష్‌లో అన్న మాట అర్థం కాక నవ్విన నవ్వులు కావవి.

అప్పటిదాకా నాకు కడుపులో ఉన్న రోత పాలదే. ఆ మాటతో అది ఇంకో చోటికి మారింది. మా అమ్మ పొద్దున్నే లేచి, గేదె దగ్గర నిలబడి, నీళ్ళు కలపకుండా కళ్ళముందే పితికించి, కాచి, వడగట్టి ఇచ్చిన పాలు గుర్తొచ్చాయి. ఆ పాలు తాగనన్నందుకు ఆవిడ పడ్డ బాధ గుర్తొచ్చింది. ఈయనా అలాంటి పాలు తాగే పెరిగాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

మూతి తుడుచుకుని, ఆ పెద్దావిడతో చెప్పాను. ఇంగ్లిష్‌లోనే, అందరికీ వినపడేట్టు. "మా ఊళ్ళో మంచి పాలే దొరుకుతాయి. నాకు పాలంటే చిన్నప్పటి నుంచీ పడదు. తాగలేనని ఈయనకి పదే పదే చెప్పాను. నా వీసా ఈయన దగ్గరుంది. అందుకే తాగాను."

చప్పట్ల తాళం ఎప్పుడాగిందో ఆగిపోయింది. పెద్దావిడ సర్ వైపు చూసి, మెల్లగా అంది. "ఇది పిల్లల పండగ, సర్. ఇక్కడ ఎవరూ ఎవరి కోసమూ తాగాల్సిన పని లేదు." తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని వేదిక వెనక్కి తీసుకెళ్ళి, మడత కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పు బిస్కెట్లు ఇచ్చింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే ఏడ్చేదాన్నేమో.

బాత్‌రూమ్‌లో టీషర్టు ముందు భాగం కడుక్కున్నాను. పసుపు మీద గులాబీ మరకలు. అక్క అక్కడికి వచ్చింది. పర్సులోంచి తడి టిష్యూల ప్యాకెట్ తీసి ఇచ్చి, నేను మెడ తుడుచుకుంటుంటే అద్దంలో నన్ను చూస్తూ అంది.

"ఎందుకమ్మా అందరి ముందూ అలా అనేశావు? ఆయన మనసు ఎంత కష్టపెట్టుకున్నారో తెలుసా?"

"ఆయనన్నది విన్నారా అక్కా?"

"జోక్ చేశారు. సిట్యుయేషన్ లైట్ చేద్దామని. వాళ్ళతో అలాగే మాట్లాడాలి మరి."

నేను టిష్యూల ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టేసి బయటికి వచ్చాను.

మిగిలిన సాయంత్రమంతా తిమింగలం ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. నా చుట్టూ కందిరీగలు తిరుగుతున్నాయి. మా వాళ్ళు రైడ్‌లు ఎక్కారు. అందరి కడుపుల్లోనూ పులిహోర, అన్న కడుపులో ఆ పాలు కూడా. ఆయన కొయ్య కోస్టర్ మీద చేతులు పైకెత్తి అరుస్తూ నా ముందు నుంచి దూసుకుపోవడం చూశాను. దిగి, వరస వెనక్కి పరిగెత్తి, మళ్ళీ ఎక్కాడు. సర్ ఆ డెయిరీ కుటుంబం వెనకే నవ్వుతూ తిరిగాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తిరుగు ప్రయాణంలో నా టీషర్టు ఆరిపోయి, పులిసిపోయి, వ్యాన్ నిండా వాసన. పిల్లలు "ఇట్ స్టింక్స్, మమ్మీ," అంటే అక్క వాళ్ళని సముదాయించింది. నా రూమ్మేట్ ముఖం అటు తిప్పుకుని నిద్రపోతున్నట్టు నటించింది. అన్న లేచి నా దగ్గరికి వచ్చాడు.

"ఖిడ్కీ దిక్కు నువ్వు కూసో చెల్లే. గాలి తగుల్తది," అని తన సీటు నాకిచ్చి, నా సీట్లో కూర్చున్నాడు.

పెట్రోలు కోసం ఆగినప్పుడు సర్ నన్ను పక్కకి పిలిచాడు. అప్పుడూ గొంతు పెంచలేదు.

"చాలా డిసప్పాయింట్ చేశావమ్మా. వీసా మాట వాళ్ళ ముందు ఎత్తాల్సిన అవసరం ఏముంది? నేనేదో నిన్ను కట్టేసి తెచ్చినట్టు."

"నేను తాగలేనని చెప్పాను సర్."

"చెప్పావు. అందరూ చెప్తారు. తర్వాత చేస్తారు. అలాగే పైకొస్తారు." పంపు హుక్కుకి తగిలించి, చేతులు తుడుచుకుని, "సరే, మర్చిపో. నేనూ మర్చిపోతాను," అన్నాడు.

ఆ క్షమ నాకు అక్కర్లేదు. వ్యాన్ ఎక్కాను.

మర్నాడు కాంప్లెక్స్ లాండ్రీ రూమ్‌లో ఆ టీషర్టు ఉతుకుతున్నాను. ఒకసారి వేసి తీస్తే వాసన పోలేదు. మళ్ళీ వేశాను. అన్న బట్టల సంచీతో వచ్చాడు. పక్క మెషీన్‌లో బట్టలు వేసి, దాని మీద ఆనుకుని నిలబడ్డాడు.

"ఇంక కోపంగున్నవా?"

"నీకు రాలేదా అన్నా కోపం? మనల్ని ఆ వేదిక ఎక్కించి, కోతుల్లాగ..."

ఆయన మెషీన్‌లో నాణేలు వేశాడు. "ఆ మాటకి వచ్చింది. మంచి పాలు దొరకవు అన్నడు చూడు, దానికి వచ్చింది. కానీ చెల్లే, నువ్వు ఏమనుకోకు, నాకైతె నిన్న మంచిగనిపించింది."

"ఏం బాగుంది?"

"ఎన్ని దినాలాయె, ఆ రూమ్ల పండుకుని పైకప్పు చూసుడు? పొద్దుగాల లేస్తే రెజ్యూమె పంపుడు, పండుకునుడు. నిన్న ఆ బండి మీదికెళ్ళి కిందికి పడుతుంటే, ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయిన. పిల్లలు యాదికొచ్చిన్రు. వాళ్ళని ఎక్కియ్యాలె అనుకున్న."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆ మాట నిజమైనందుకు. నన్ను ఆ గ్లాసు ముందు నిలబెట్టిన రోజే ఆయనకి ఆ వేసవిలో మంచి రోజు అయింది. ఈ రెండూ ఒకే రోజు అంటే ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. మెషీన్ ఆగగానే టీషర్టు తీసి వాసన చూశాను. పోలేదు. చెత్తకుండీలో పడేశాను.

కొన్ని వారాలకి ఆ డెయిరీ పని మా కంపెనీకే వచ్చింది. పెద్దది కాదు, బిల్లింగ్ ఒక్కటే. అయినా సర్ మమ్మల్నందరినీ ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. గోడ మీద ప్రొజెక్టర్‌తో పార్కు ఫోటోలు చూపించాడు. అందులో నాది కూడా ఉంది. బుగ్గలు ఉబ్బి, కళ్ళు పెద్దవై, పెదవుల మూలల్లోంచి గులాబీ చారలు కారుతున్న క్షణం. ఆ మరుక్షణం ఏమైందో అందరికీ తెలుసు. అందరూ నవ్వారు.

"అది తీసేయండి సర్," అన్నాను.

"ఎంత బాగుందమ్మా! టీమ్ స్పిరిట్ అంటే ఇదే. వెబ్‌సైట్‌లో పెట్టాను కూడా," అని, అందరి వైపూ తిరిగి, "చూశారా, ఊరికే పోలేదు మీ పాలు. ప్రాజెక్ట్ వచ్చింది," అన్నాడు.

వాళ్ళు కాంట్రాక్టు ఇచ్చింది మేం తాగిన పాలు చూసి కాదని, సర్ తక్కువ డబ్బుకి ఒప్పుకున్నాడు కాబట్టేనని తర్వాత అక్కడ పనికి వెళ్ళిన అన్న చెప్పాడు. కానీ ఆ రాత్రి ఆ హాల్లో కూర్చున్న అందరి ముఖాల్లోనూ సర్ అన్నదే నిజమన్న నమ్మకం కనిపించింది. నా రూమ్మేట్ అయితే నా చెవిలో, "నువ్వు అనవసరంగా సీన్ చేశావు కదా," అంది. నా పళ్ళెంలో గుత్తివంకాయ కూర ఉంది. అక్క బాగా చేస్తుంది. ముద్ద కలపలేకపోయాను.

ఆ రోజు నుంచి నేను ఒక్క పనే పెట్టుకున్నాను. ఫోన్ ఇంటర్వ్యూలు. నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ ఒకామె దూరంగా ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉండేది. వాళ్ళ కంపెనీలో టెస్టర్లని తీసుకుంటున్నారని చెప్పింది. మొదటిసారి కాదన్నారు. చలికాలం మొదలయ్యాక మళ్ళీ పిలిచారు. ఈసారి తీసుకున్నారు. నా వీసా వాళ్ళ పేరు మీదికి మార్చడానికి కాగితాలు పెట్టారు. అవి అందినట్టు రసీదు వస్తే చాలు, కంపెనీ మారొచ్చు. అది వచ్చిన రోజు సర్ ఇంటికి వెళ్ళి, వెళ్ళిపోతున్నానని చెప్పాను. అన్న వారాంతానికి పెన్సిల్వేనియా నుంచి వచ్చి ఉన్నాడు. తనే కారులో తీసుకొచ్చి, కింద ఆగాడు.

సర్ బెదిరిస్తాడనుకున్నాను. బతిమాలతాడనీ అనుకున్నాను. రెండూ చేయలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ పార్కు సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నావా?"

"అవును సర్."

"ఒక్క గ్లాసు పాలమ్మా. సరదాకి." ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. "ఆ రోజు నేనంతా మీకోసమే కదా చేసింది. మీకు పని దొరకాలని. మిమ్మల్ని నేను పిల్లల్లాగా చూసుకున్నాను."

ఆయన ముఖంలోకి చూశాను. నటన కాదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు ముందు నన్ను నిలబెట్టినప్పుడు, మా ఊరి పాల గురించి ఆ మాటన్నప్పుడు, ఆ ఫోటో గోడ మీద వేసినప్పుడు కూడా, తను మాకు మేలు చేస్తున్నాననే నమ్మాడు. ఇప్పుడూ అదే నమ్ముతున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన కపటి అనుకుని అసహ్యించుకున్నాను. కపటి అయి ఉంటే బాగుండుననిపించింది. ఆ కన్నీళ్ళు చూస్తే పార్కులో కంటే ఎక్కువ వెగటు పుట్టింది.

అక్క వంటింట్లోంచి కాఫీ తెచ్చింది. పాలు పోసిన కాఫీ. వద్దన్నాను. "వెబ్‌సైట్‌లో ఫోటో తీసేయండి సర్," అని చెప్పి లేచాను. ఆయన తల ఊపాడు. తీయలేదు. తర్వాత చాలా ఏళ్ళు అది అక్కడే ఉంది.

కిందికి వచ్చి కారెక్కాను. అన్న హీటర్ వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమన్నడు?"

"మనల్ని పిల్లల్లా చూసుకున్నాడట. ఏడ్చాడు."

అన్న నన్ను ఒక్క క్షణం చూసి, స్టీరింగ్ మీద తల ఆనించి పకపకా నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. నన్నూ నవ్వమన్నట్టు చూశాడు. నాకు రాలేదు. అద్దం కిందికి దించాను. చలిగాలి లోపలికి కొట్టింది.

"ఇక పోదాం అన్నా," అన్నాను.